ఫార్మాట్ వద్దు, ఉన్నది ఉన్నట్టే కొత్త డిస్కులోకి మార్చండి

బెజవాడ గవర్నర్‌పేటలో మా బాబాయికి చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఎప్పుడైనా ఒక కవి సొంత డబ్బుతో వేయించుకునే పుస్తకం. ఈ పనంతా ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తుంది. విడిభాగాలు కొని బిగించిన పాత డెస్క్‌టాప్, విండోస్ 7, 500 జీబీ హార్డ్ డిస్క్. 2023 చివరికి అది ఎంత నెమ్మదించిందంటే, పొద్దున షట్టర్ ఎత్తి, స్విచ్ వేసి, షాపు ఊడ్చి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించి వచ్చి కూర్చున్నా తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ తెరుచుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు. ఫాంటు మారుద్దామని మెనూ మీద నొక్కితే మొత్తం బిగుసుకుపోయేది. డిసెంబరులో ఒకరోజు కేబినెట్ లోపలి నుంచి టిక్ టిక్ అని శబ్దం మొదలైంది.

దగ్గర్లో ఉన్న సర్వీసు షాపు కుర్రాడు వచ్చి చూసి, "హార్డ్ డిస్క్ పోయేలా ఉంది సార్. ఎస్‌ఎస్‌డీ వేసి ఫార్మాట్ కొట్టేద్దాం. సాయంత్రానికల్లా ఇచ్చేస్తా" అన్నాడట. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్, ఫార్మాట్ అంటే డిస్క్ తుడిచి విండోస్ మళ్లీ మొదటినుంచి వేయడం. బాబాయి సరే అనలేదు. హైదరాబాదులో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

"ఏరా, మళ్లీ ఫార్మాట్ అంటున్నారు. ఈసారి నువ్వొచ్చి చూడు. నువ్వొచ్చేదాకా దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను."

ఆ "మళ్లీ" అన్న మాట వెనక 2016లో జరిగిన కథ ఉంది. అప్పుడు ఒకరోజు ఉన్నట్టుండి విండోస్ లేవలేదు. వేరే షాపు అతను కేబినెట్ తీసుకెళ్లి, "డీ డ్రైవ్‌లో ఉన్నవేమీ పోవు, సీ ఒక్కటే పోతుంది" అని చెప్పి ఫార్మాట్ చేసి తెచ్చిచ్చాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ డెస్క్‌టాప్ మీద కనిపించే ఫోల్డర్లు, మై డాక్యుమెంట్స్ అన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయని బాబాయికి తెలియదు. చేతిలో నడుస్తున్న పనులన్నీ ఆయన డెస్క్‌టాప్ మీదే పెట్టుకునేవాడు. పది రోజుల్లో పెళ్లి ఉన్న ఒక శుభలేఖ, ప్రూఫు కూడా అయిపోయినది, దాంతోపాటు పోయింది. పెళ్లివారికి ఏం చెప్పాలో తెలియక ఆ రాత్రంతా కూర్చుని మళ్లీ మొదటినుంచి కంపోజ్ చేశాడు.

డీ డ్రైవ్‌లో ఉన్నవి నిజంగానే ఉన్నాయి. తెరిస్తే మాత్రం తెలుగు అక్షరాల చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. ఫాంట్లు పోయాయి. పాత సీడీ వెతికి ఫాంట్లు వేస్తే సగం అక్షరాలు వచ్చాయి, కొన్ని ఒత్తులు పక్కకు పోయాయి. ఫాంటు పేరు అదే, వెర్షన్ వేరు. ఇంకో సంగతి చాలా రోజుల తర్వాత నేను గమనించాను. కేబినెట్ పక్కన ఒరిజినల్ విండోస్ స్టిక్కర్ అంటించి ఉంది. లోపల వేసి ఇచ్చింది మాత్రం క్రాక్ చేసిన కాపీ. డబ్బు పెట్టి కొనుక్కున్న లైసెన్సును ఎవరినీ అడక్కుండా తీసిపారేశారు. దాన్ని తర్వాత నేనే స్టిక్కర్ మీది కీతో సరిచేశాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొత్త డిస్క్ వేయడమంటే ఫార్మాట్ చేయడమే అన్న మాట మన ఊళ్లలో ఎవరూ ప్రశ్నించని అలవాటుగా మారిపోయింది. ఆ అలవాటు తప్పని నా నమ్మకం. పాత డిస్కులో ఉన్న విండోస్‌ను, ప్రోగ్రాములను, సెట్టింగులను అక్షరం పొల్లుపోకుండా కొత్త డిస్కులోకి మార్చవచ్చు. దాన్ని క్లోనింగ్ అంటారు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక పూట పడుతుంది. వేరే బలమైన కారణం లేనంతవరకు మొదట చేయాల్సింది ఇదే.

డీటీపీ పని దగ్గరినుంచి చూడనివాళ్లకు ఫాంట్ల గొడవ ఇంత ఎందుకో అర్థం కాకపోవచ్చు. మనం ఫోన్లో టైప్ చేసే తెలుగు యూనికోడ్. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన నంబరు ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటిచ్చారు. అయితే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. దాని చివరి వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది. ఆ తర్వాత దాన్ని తయారుచేసే అడోబీ కంపెనీ దాన్ని వదిలేసి, తన కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. అందుకే అను లాంటి ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. తలకట్టు ఒక చోట, ఒత్తు ఒక చోట, గుడి ఒక చోట. ఫైలులో ఉండేది నిజానికి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. సరిగ్గా ఆ ఫాంటు, ఆ వెర్షన్ ఉంటేనే అవి తెలుగుగా కనబడతాయి. ఫాంటు లేకపోతే ఇరవై ఏళ్ల పని ఎవరికీ అర్థం కాని గీతలుగా మారిపోతుంది.

ఫాంట్లతో అయిపోలేదు. పేజ్‌మేకర్‌లో ఏ ఫైలూ తెరవకుండా సెట్టింగులు మార్చితే అవే డిఫాల్టుగా నిలిచిపోతాయి. బాబాయి కొత్త పేజీ తెరిస్తే శుభలేఖ కొలతలు, ఆయన వాడే పాయింటు సైజు, లైన్ల మధ్య ఎడం అన్నీ సిద్ధంగా వస్తాయి. ఫైలులో పెట్టిన వినాయకుడి బొమ్మ ఎక్కడుందో పేజ్‌మేకర్ దారి పేరుతో గుర్తుపెట్టుకుంటుంది. డీ డ్రైవ్ పేరు కాస్తా మారి "ఈ" (E) అయితే వందల ఫైళ్లలో బొమ్మలు ఎక్కడున్నాయో చెప్పమని అడగడం మొదలుపెడుతుంది. ట్రేసింగ్ పేపర్ మీద ముద్రించే పాత లేజర్ ప్రింటరుకు ఎంత ముదురుగా రావాలి, మార్జిన్ ఎంత అన్నది ఆయన ఎన్నో కాగితాలు పాడుచేసుకుని కుదుర్చుకున్న సంగతి. తెలుగు టైపింగ్‌కు వాడే యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్‌లో ఆయన వేళ్లు చూడకుండా నడుస్తాయి. ఆ లేఅవుట్ కూడా ఒక సాఫ్ట్‌వేర్ సెట్టింగే. ఇవేవీ "డేటా" కిందికి రావు. "మీ డేటా అంతా బ్యాకప్ తీశాం సార్" అన్నప్పుడు వాళ్ల లెక్కలో ఉండేవి ఫైళ్లే. ఫైళ్లతో పని చేయించేది మాత్రం ఈ కంటికి కనబడని సర్దుబాట్లన్నీ.

సర్వీసు షాపులవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల వైపునుంచి చూస్తే ఫార్మాట్‌కు కారణం ఉంది. పెన్‌డ్రైవ్‌లో విండోస్ సిద్ధంగా ఉంటుంది. పెట్టి వదిలేస్తే అరగంటలో అయిపోతుంది, ఫలితం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. క్లోనింగ్ అయితే డిస్క్ పరిస్థితి చూడాలి, గంటలకొద్దీ బల్ల మీద మెషీన్ పెట్టుకోవాలి. మధ్యలో ఆగితే మళ్లీ చేయాలి. పాత విండోస్‌లో వైరస్ ఉంటే అది కూడా వస్తుంది, రేపు కస్టమర్ "మీరు బాగుచేసినా ఇలాగే ఉంది" అని తిరిగి వస్తాడు. రెండు పనులకూ ఒకే కూలి ఇస్తే ఎవరైనా సులువైనదే చేస్తారు. కాబట్టి క్లోనింగ్‌కు ఎక్కువ కూలి అడిగితే ఇవ్వాలి. నేనైతే రెట్టింపు ఇచ్చినా న్యాయమే అంటాను. మర్నాడు మన పని మనం మొదలుపెట్టగలిగితే ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు.

"ఫ్రెష్‌గా వేస్తేనే స్పీడ్ వస్తుంది" అన్నది ఇంకో మాట. ఇది వినీ వినీ నిజమనిపించేలా తయారైంది. ఒక చిన్న లెక్క చేద్దాం. బాబాయి హార్డ్ డిస్క్‌లోని పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, దాన్ని చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, 4 మిల్లీసెకన్ల పైన. అంతకుముందు ముల్లు ఆ గీత దగ్గరికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. అన్నీ కలిపితే ఒక్కో చిన్న ముక్క చదవడానికి పన్నెండు, పదమూడు. సెకనుకు ఎనభై ముక్కలు దాటవు. విండోస్ లేచేటప్పుడు చదివేవి ఒకచోట వరసగా ఉండే పెద్ద ఫైళ్లు కావు. డిస్క్ అంతటా చెదిరి ఉన్న వేలకొద్దీ చిన్న ముక్కలు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఒక ముక్క అందడానికి మిల్లీసెకనులో పదో వంతు చాలు, పైగా ఒకేసారి చాలా ముక్కలు అడగవచ్చు. పాత హార్డ్ డిస్క్ కేబుల్‌కే తగిలించే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు వేల ముక్కలు అవలీలగా ఇస్తుంది. పదేళ్ల చెత్త పేరుకున్న విండోస్ అయినా సరే, అడిగిన ముక్క వంద రెట్లు వేగంగా వస్తుంటే ఆ చెత్త బరువు తెలియదు. బాబాయి మెషీన్ అంతకుముందు లేవడానికి నాలుగు నిమిషాలకు పైగా పట్టేది. క్లోన్ చేశాక అదే విండోస్, అవే ప్రోగ్రాములు, అన్ని ఫాంట్లతో అర నిమిషంలోపు లేచింది.

ఫోన్ చేసిన రోజే బాబాయికి రెండు మాటలు చెప్పాను. ఒకటి, ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి పనుల ఫోల్డర్లన్నీ అందులోకి కాపీ చేయి, డెస్క్‌టాప్ మీదివి మరిచిపోవద్దు. రెండు, ఎవరైనా డిస్క్ స్కాన్ చేసి రిపేర్ చేస్తామంటే ఒప్పుకోకు. ఈ రెండోది చాలామంది పొరపాటు పడే చోటు. డిస్క్ మీద అనుమానం రాగానే విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ పూర్తి స్కాన్ పెట్టేస్తారు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును గంటలకొద్దీ అంగుళం అంగుళం చదివిస్తే, మిగిలున్న ఆయుష్షు కాస్తా ఆ స్కాన్‌కే సరిపోతుంది. ముందు కాపీ, ఆ తర్వాతే ఏ వైద్యమైనా.

కాపీ చేస్తుంటే 2014 నాటి ఒక స్కూలు వార్షికోత్సవ కరపత్రంలోని ఫొటో ఒకటి చదవడానికి రాలేదు. మిగతావన్నీ వచ్చాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే అంకెలను అది చూపిస్తుంది. వేయించి చూస్తే పసుపు రంగులో హెచ్చరిక, చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు, అంటే డిస్క్ మీది చిన్న గదులు, ఎనిమిది. ఎనిమిది చిన్న సంఖ్యే. అయినా అది సున్నా కానప్పుడు డిస్క్ మార్చే సమయం వచ్చినట్టే అనుకోవాలి.

నేను సంక్రాంతికి వెళ్లాను. పుష్యం శూన్యమాసం, ముహూర్తాలు ఉండవు, శుభలేఖల పని ఉండదు. ఫిబ్రవరి 10న మాఘం మొదలైతే ఊపిరాడదు. 2024 జనవరి 16, కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు. వీధంతా షట్టర్లు మూసి ఉంటే మేమిద్దరం షాపులో కూర్చున్నాం.

480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి తీసుకెళ్లాను. ఇక్కడ ఒక చిక్కుంది. పాతది 500, కొత్తది 480. కంపెనీలు వెయ్యి లెక్కన కొలుస్తాయి, విండోస్ 1024 లెక్కన చూపిస్తుంది. అందువల్ల 500 అన్నది 465గా, 480 అన్నది 447గా కనిపిస్తాయి. ఏ లెక్కన చూసినా కొత్తది చిన్నదే. నిజంగా నిండినది 160 జీబీయే అయినా, పార్టిషన్ల (సీ, డీ లాంటి భాగాల) గీతలు పాత డిస్క్ చివరిదాకా గీసి ఉంటాయి కాబట్టి అవి కొత్త దాంట్లో పట్టవు. అదృష్టం కొద్దీ చివర ఉన్నది డీ డ్రైవ్. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తో దాన్ని 30 జీబీ కుదించాను. మీరు కొనేటప్పుడు పాత దానికన్నా పెద్దదే కొనండి, ఈ పని తప్పుతుంది.

తర్వాత క్లోన్‌జిల్లా. తైవాన్‌లోని ఒక ప్రభుత్వ కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది, విండోస్ లేవకుండానే దాన్ని ఎత్తి పక్కన పెడుతుంది. తెర మీద అంతా నల్లటి బ్యాక్‌గ్రౌండ్, ఇంగ్లిష్ అక్షరాలు, చూడటానికి భయంగానే ఉంటుంది. మౌస్‌తో పని చేయాలనుకునేవాళ్లకు చాలా ఎస్‌ఎస్‌డీ కంపెనీలే తమ డిస్కులకు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాయి, అవి విండోస్‌లోనే నడుస్తాయి. మా డిస్కులో చదవలేని చోట్లు ఉన్నాయి కాబట్టి నేను క్లోన్‌జిల్లాను ఎంచుకున్నాను.

మొత్తం పనిలో నిజంగా ప్రమాదం ఉన్నది ఒక్క చోటే. దేనినుంచి దేనిలోకి అని అది అడుగుతుంది. అక్కడ తారుమారైతే ఖాళీ ఎస్‌ఎస్‌డీ వచ్చి ఇరవై ఏళ్ల పని మీద పడుతుంది, తిరిగి రాదు. అందుకే అక్కడ ఆగి, బాబాయి చేతికి రెండు డిస్కుల లేబుళ్లు ఇచ్చి, తెర మీది మోడల్ నంబర్లు, సీరియల్ నంబర్లు సరిచూడమన్నాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని ప్రూఫు దిద్దినట్టే ఒక్కో అక్షరం పైకి చదువుతూ, వేలితో లేబులు మీద జరుపుకుంటూ చూశాడు. "సోర్సు ఇది. టార్గెట్ ఇది. ఖాయం. కొట్టు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఇతరుల పెళ్లి తేదీల్లో తప్పులు పట్టిన కన్ను అది. అంతకన్నా నమ్మకమైన తనిఖీ నాకు తెలియదు.

సీ డ్రైవ్ సాఫీగా వెళ్లింది. డీ డ్రైవ్ 61 శాతం దగ్గర రీడ్ ఎర్రర్ అని ఆగిపోయింది. గుండె జారింది. డిసెంబరులో ఆ ఫొటో రాని సంగతి గుర్తొచ్చాక కాస్త కుదుటపడ్డాను. మళ్లీ మొదలుపెట్టి, చదవలేని సెక్టార్లు వదిలేసి ముందుకు పొమ్మనే రెస్క్యూ ఆప్షన్ పెట్టాను. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా పిన్ని పంపిన గారెలు తిన్నాం.

క్లోన్ అయ్యాక చాలామంది ఆత్రంగా రెండు డిస్కులూ ఉంచే మెషీన్ ఆన్ చేస్తారు. అలా చేయకూడదు. విండోస్ ప్రతి డిస్కుకూ ఉన్న ఒక చిన్న సంతకాన్ని బట్టి దాన్ని గుర్తుపడుతుంది. సీ ఏది, డీ ఏది అన్నది తన సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో ఆ సంతకంతో ముడిపెట్టి రాసుకుంటుంది. క్లోన్ చేస్తే సంతకం కూడా నకలు అవుతుంది. మనకు కావలసింది అదే. కానీ ఒకే సంతకంతో రెండు డిస్కులు కనిపిస్తే విండోస్ ఒకదాన్ని పక్కన పెడుతుంది లేదా దాని సంతకం మార్చేస్తుంది. అప్పుడు డ్రైవ్ అక్షరాలు తారుమారవుతాయి, ఒక్కోసారి విండోస్ అసలు లేవదు. "క్లోనింగ్ పనిచేయదు" అని చెప్పేవాళ్లలో చాలామంది దెబ్బతిన్నది ఇక్కడే. కరెంటు తీసేసి, పాత డిస్క్ కేబుళ్లు పీకేసి, ఎస్‌ఎస్‌డీని అదే కేబుల్‌కు తగిలించి ఆన్ చేశాను. సీ సీగానే, డీ డీగానే ఉన్నాయి. పేజ్‌మేకర్ ఒక్క బొమ్మ దారి కూడా అడగలేదు.

విండోస్‌కు ముందే లేచే మదర్‌బోర్డు సెట్టింగులను బయోస్ అంటారు. అందులో సాటా మోడ్, అంటే డిస్కుతో మాట్లాడే పద్ధతి, పాత ఐడీఈలో ఉంది. కొత్త డిస్క్ వచ్చింది కదా అని దాన్ని వెంటనే కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చితే విండోస్ 7 నీలం తెర చూపించి చచ్చిపోతుంది, ఎందుకంటే అందుకు కావలసిన డ్రైవరు మొదటినుంచీ ఆపేసి ఉంటుంది. రిజిస్ట్రీలో ముందు దాన్ని తెరిచి, తర్వాతే బయోస్‌లో మార్చాలి. నేను అది మర్నాడు చేశాను. ఒకేరోజు రెండు మార్పులు చేస్తే ఏదైనా తేడా వచ్చినప్పుడు ఏ మార్పు వల్లో తెలియదు.

మా చెల్లి ల్యాప్‌టాప్‌కు కూడా ఇదే పని చేశాను, విండోస్ 10ది. అక్కడ గమనించాల్సినవి వేరు. కొత్త మెషీన్లలో విండోస్ లేవడానికి కావలసిన సమాచారం సీ డ్రైవ్‌లో కాక ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్‌లో ఉంటుంది. సీ ఒక్కటే కాపీ చేస్తే లేవదు, మొత్తం డిస్క్ క్లోన్ చేయాలి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. మొదలుపెట్టే ముందు దాన్ని ఆపాలి, ఆ తాళం తీసే రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోవాలి. లైసెన్సు గురించి టెన్షన్ అక్కర్లేదు, విండోస్ యాక్టివేషన్ ముఖ్యంగా మదర్‌బోర్డును చూసుకుంటుంది. డిస్క్ మారినంత మాత్రాన మామూలుగా పోదు.

నాతో వాదించే మిత్రులు రెండు ప్రశ్నలు అడుగుతారు, రెండూ న్యాయమైనవే. వైరస్ పట్టిన మెషీన్ సంగతేమిటి? దాన్ని క్లోన్ చేయకూడదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ తగిలినా, విండోస్ ఫైళ్లే చెడిపోయినా, మెషీన్ వేరేవాళ్లకు అమ్ముతున్నా ఫార్మాటే సరైన దారి. రోగం చూశాక నిర్ణయించుకోవాలన్నదే నేను చెప్పేది. డిస్క్ ముసలిదైతే డిస్కే మార్చాలి.

రెండో ప్రశ్న కష్టమైనది. విండోస్ 7కు 2020 జనవరి 14తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. దాన్ని కొత్త డిస్కులో బతికించడం మంచిదేనా? ఇంటర్నెట్ ఉన్న మెషీన్ అయితే మంచిది కాదని నేనే చెబుతాను. మేం ఆ మెషీన్‌కు నెట్ కేబుల్ శాశ్వతంగా తీసేశాం. పెళ్లివాళ్లు వాట్సాప్‌లో పంపే మేటరు వేరే చిన్న ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది, అందులో స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్ ద్వారానే దీనిలోకి వెళుతుంది. ఇబ్బందే. కానీ కొత్త కంప్యూటరుకు అప్పట్లో నలభై వేలు, దాంట్లో పాత ప్రింటర్ పనిచేయదు కాబట్టి కొత్త ప్రింటర్, ఫాంట్ల కొత్త లైసెన్సులు, అలవాటు లేని కొత్త సాఫ్ట్‌వేర్. అన్నీ మాఘమాసం ముందు ఒకేసారి మీద వేసుకోమని అరవై ఏళ్ల మనిషికి చెప్పడం కన్నా ఈ ఇబ్బంది చిన్నది.

బాబాయి పాత ఫైళ్లన్నీ ఎప్పటికైనా యూనికోడ్‌లోకి మారాల్సిందే. అందుకు కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ప్రూఫు దిద్దాల్సి వస్తుంది, దానికి నెలలు పడుతుంది. ఆయనకూ తెలుసు. వాటిలో ఆయన స్వయంగా కంపోజ్ చేసిన రెండు స్థానిక చరిత్ర పుస్తకాలున్నాయి, వాటి రచయితలు ఇప్పుడు లేరు, అచ్చు కాపీలు ఎక్కడా దొరకవు. అవి పేజ్‌మేకర్ ఫైళ్లుగా ఆ డిస్కులోనే ఉన్నాయి. ఎప్పుడు మార్చుకోవాలో ఆయన నిర్ణయించుకోవాలి. టిక్ టిక్‌మంటున్న డిస్కో, సాయంత్రానికి మెషీన్ ఇచ్చేయాలన్న సర్వీసు షాపు తొందరో నిర్ణయించకూడదు. నేను ఇంతగా పట్టుబట్టేది దీనికోసమే. క్లోనింగ్ ఆయనకు ఇచ్చింది ఆ వ్యవధి. అప్పటినుంచి పని లేని మధ్యాహ్నాల్లో ఆ పుస్తకాల్లో మొదటిదాన్ని ఒక్కో అధ్యాయం మారుస్తున్నాడు.

క్లోన్ చేశాం కదా, ఇక బ్యాకప్ ఉన్నట్టే అనుకోకండి. క్లోన్ అయిన క్షణం నుంచి పాత డిస్క్ పాతబడిపోతుంది, పైగా అది జబ్బు డిస్క్. ఎస్‌ఎస్‌డీలు కూడా చస్తాయి, అవి టిక్ టిక్ అని చెప్పి కూడా చావవు. వెళ్లేరోజు ఉదయం క్లోన్‌జిల్లాతోనే కొత్త ఎస్‌ఎస్‌డీ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు దాచుకునే నకలుగా, ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీశాను. కుదించాక అది వంద జీబీ కన్నా తక్కువకు వచ్చింది. రేపు ఎస్‌ఎస్‌డీ పోయినా ఇంకోటి కొని ఈ ఇమేజ్ ఎక్కిస్తే గంటలో షాపు నడుస్తుంది. పనుల ఫోల్డర్లు వేరుగా, ప్రతి శనివారం షాపు మూసేముందు కాపీ చేయడం ఇప్పుడు బాబాయి అలవాటు.

పాత డిస్కును చెరపలేదు. సిల్వర్ మార్కర్‌తో దాని మీద "16-1-2024" అని రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పాత జింకు బ్లాకులు దాచుకున్న డ్రాయర్‌లో పెట్టాడు.

మాఘం మొదలైన వారానికి ఏదో పని మీద ఫోన్ చేస్తే మాటల్లో చెప్పాడు. పొద్దున స్విచ్ వేసి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ చీపురు అందుకుంటున్నాడట. ఊడ్చి, అగరుబత్తి వెలిగించి వచ్చేసరికి మెషీన్ ఎప్పుడో లేచి, తెర ఆరిపోయి నిద్రపోతోందట. "ఇంక పూజ అయ్యాకే స్విచ్ వేస్తున్నానురా" అన్నాడు. ఆరోజు మూడు శుభలేఖలు ప్రూఫులో ఉన్నాయని ఫోన్ పెట్టేశాడు.